చట్టం తెలిసిన ఊరు

“ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడు” అని తెలుగు పల్లెల్లో ఒక మాట ఉన్నది. ఆ మాటను పుట్టించినవారు ఎవరో కాని, వారు న్యాయస్థానాల మెట్లు ఎక్కి దిగినవారే అయి ఉండాలి. బెజవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట నిర్మాణం పూర్తయింది. నాటి నుండి డెల్టా భూమి బంగారమైంది. భూమి విలువ పెరిగినచోట గట్టు తగాదాలు, కాలువ నీటి తగాదాలు, అన్నదమ్ముల వాటా తగాదాలు పెరగడం సహజం. కాగితాల సంచి చంకన పెట్టుకొని వాయిదాకు మచిలీపట్నం వెళ్ళివచ్చిన రైతులు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయినా ఒక విచిత్రం కనిపిస్తుంది. పొలం తగాదాలో తరాల తరబడి వ్యాజ్యం నడిపిన కుటుంబం సైతం పోలీసుఠాణా నుండి పిలుపు వచ్చిందంటే వణికిపోతుంది. సివిలు దావా వారికి పరిచయమైన విద్య. క్రిమినలు కేసు మాత్రం పిడుగుపాటు. ఆ భయానికి మూలం నేరం కాదు. నేర న్యాయవ్యవస్థ ఎట్లా నడుస్తుందో తెలియకపోవడం.

పూర్వం ఈ తెలియనితనాన్ని కొంతవరకు తీర్చినవారు ముగ్గురు. ఊరిలో కరణం, రిజిస్ట్రారు కచేరి వద్ద దస్తావేజు లేఖరి, కోర్టు ఆవరణలో ప్లీడరు గుమాస్తా. వీరిలో ఎవరికీ న్యాయశాస్త్ర పట్టా లేదు. కాని ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, నకలుకు ఎన్నాళ్ళు పడుతుందో, ఏ అర్జీకి ఎంత స్టాంపు అంటించాలో వీరికి కంఠస్థం. ప్లీడరుగారు మరచిపోయిన వాయిదాను గుమాస్తా గుర్తుచేసిన సందర్భాలకు లెక్కలేదు. అయితే వీరి జ్ఞానం వీరి వృత్తికి పెట్టుబడి. దానిని పదిమందికి పంచవలసిన అవసరం వారికి లేకపోయింది. కొందరు దానిని ఊరిని గుప్పిట పెట్టుకోవడానికీ వాడుకొన్నారు. 1984లో కరణం పదవులు రద్దయ్యాయి. కరణం ఇంటి చావడి మూతపడింది కాని, ఆ స్థానంలో కాగితం చదివి చెప్పేవాడు ఎవరన్న ప్రశ్న మిగిలిపోయింది.

ప్రపంచంలో ఇతర దేశాలలో ఈ పనిని చదువుగా మలచుకొన్నారు. అమెరికాలో 1960ల దశకం చివరి నుండి న్యాయవాదికి తోడ్పడే పారాలీగల్ ఉద్యోగులకు కళాశాలలలో ప్రత్యేక శిక్షణ మొదలైంది. పోలీసు, న్యాయస్థానం, కారాగారం ఈ మూడింటి పనితీరును కలిపి బోధించే నేర న్యాయశాస్త్రం అక్కడి కళాశాలలలో సామాన్యమైన పాఠ్యాంశం. తెలుగునాట ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి ముందు మాత్రం ఇటీవలి దాకా రెండే దారులు ఉన్నట్లు పెద్దలు మాట్లాడేవారు. ఒకటి ఇంజనీరింగు, మరొకటి వైద్యం. కార్పొరేట్ కళాశాలలకు పేరుపొందిన విజయవాడలో ఈ ధోరణి మరింత బలంగా నాటుకొన్నది. న్యాయశాస్త్రం చదువుతానన్న పిల్లవానికి “చెట్టు కింద ప్లీడరు అవుతావా?” అన్న ఎత్తిపొడుపు ఇంటిలోనే ఎదురవుతుంది.

ఆ ఎత్తిపొడుపు ఎంత ఖరీదైనదో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. ఈ డెల్టా భూమి మీదనే జరిగిన రెండు ఉదంతాలు చాలు.

విజయవాడకు ఆనుకొని ఉన్న ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో ఒక వసతిగృహంలో పదిహేడేళ్ళ ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. లైంగిక దాడికి గురైన వ్యక్తి పేరును ప్రచురించరాదని చట్టం చెబుతున్నది. కావున ఆ పేరు ఇక్కడ రాయడం తగదు. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుని అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడలోని మహిళా న్యాయస్థానం అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. అతడు అప్పీలు చేసుకొన్నాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా ప్రకటించింది. దర్యాప్తు జరిగిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించవలసిందిగా ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి ఆ యువకుని జీవితంలో ఎనిమిదిన్నర సంవత్సరాలకు పైగా జైలుగోడల నడుమ గడిచిపోయాయి. కుమార్తెను కోల్పోయిన తల్లిదండ్రులు సైతం ఈ యువకుడు దోషి కాడనే మొదటి నుండి చెబుతూ వచ్చారు. 2018లో హైకోర్టు ఈ కేసును తిరిగి దర్యాప్తు చేయవలసిందిగా సి.బి.ఐ.ని ఆదేశించింది. కాని విచారణకు ప్రాణమైన ఆధారాలు విజయవాడ న్యాయస్థానంలో అప్పటికే ధ్వంసమైపోయినట్లు వెల్లడైంది.

ఈ చివరి విషయం వద్ద విద్యార్థి కొంచెంసేపు ఆగాలి. ఒక వస్తువును భద్రపరచడం, దానికి సంఖ్య వేయడం, రిజిస్టరులో నమోదు చేయడం, ఎప్పటివరకు ఉంచాలో నిబంధన చూసి నిర్ణయించడం. ఇవి గుమాస్తా పనులుగా చూపుకు ఆనవు. న్యాయమూర్తి తీర్పు పత్రికల మొదటి పేజీలో వస్తుంది. సాక్ష్యాధారాల గది తాళంచెవి గురించి ఎవరూ రాయరు. కాని ఆ తాళంచెవి దగ్గర పొరపాటు జరిగితే మహామేధావి అయిన న్యాయమూర్తి కూడా చేయగలిగింది స్వల్పం.

రెండవ ఉదంతం ఇంకా పాతది. తెనాలికి సమీపాన, నాటి గుంటూరు జిల్లాలోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. మృతదేహాలు కొన్ని మురుగుకాలువలో దొరికాయి. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఆ చట్టం కింద ఈ కేసు విచారణకు చుండూరు గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానాన్ని ఏర్పాటు చేశారు. బాధితులు కోర్టును వెతుక్కొంటూ పోకుండా కోర్టే బాధితుల ఊరికి రావడం దేశ చరిత్రలో అరుదైన సంఘటన. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలుశిక్ష విధించింది. ఘటనకు, తీర్పుకు నడుమ పదహారు సంవత్సరాలు గడిచాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నింటినీ కొట్టివేసింది. నేరాన్ని సందేహాతీతంగా రుజువు చేయడంలో ప్రాసిక్యూషను విఫలమైందన్నది ఆ తీర్పు సారాంశం.

ఒక కేసులో నేరం చేయనివాడు జైలులో మగ్గాడు. మరొక కేసులో ఎనిమిది ప్రాణాలు పోయాయి, శిక్షలు మాత్రం నిలవలేదు. పైకి ఇవి రెండు భిన్నమైన కథలుగా కనిపిస్తాయి. ఒకదానిలో పోలీసులు అతిగా ప్రవర్తించారని, మరొకదానిలో న్యాయస్థానం మరీ కఠినంగా రుజువులు కోరిందని వాదించేవారు ఉన్నారు. కాని రెండింటి బలహీనత ఒకే చోట ఉన్నది. నేరం జరిగిన తొలి రోజులలో ఏం చూశారు, ఏం రాశారు, ఏం సేకరించారు, ఏం భద్రపరిచారు అన్నచోట. పునాదిలో సున్నం తక్కువైన ఇంటికి పైకప్పు మీద ఎంత మంచి పెంకు వేసినా ప్రయోజనం లేదు.

ఆ తొలి రోజులలో పాల్గొనేవారు పోలీసులు మాత్రమే అనుకోవడం పొరపాటు. ఘటనాస్థలంలో పంచనామా రాసేటప్పుడు ఇద్దరు స్థానికులను పిలుస్తారు. వారినే మధ్యవర్తులు అంటారు. వారు చూసినది చూసినట్లుగా కాగితంపైకి ఎక్కిన తరువాతనే సంతకం చేయాలి. పల్లెలో జరిగేది వేరు. పొలం పోతున్న కూలివానిని పిలిచి “ఇక్కడ వేలిముద్ర వెయ్యి” అంటారు. అతడు వేస్తాడు. రెండేళ్ళ తరువాత బోనులో నిలబడి “నాకేమీ తెలియదు బాబూ” అంటాడు. కేసు అక్కడ సగం కూలిపోతుంది. ఆ కూలివాని పక్కన చదువుకొన్న ఊరి కుర్రవాడు ఒకడు నిలబడి ఆ కాగితాన్ని పైకి చదివి వినిపించి ఉంటే చాలు. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. పంచనామా అంటే ఏమిటో తెలిసి ఉండాలి, కాగితం చదివే ధైర్యం ఉండాలి.

నేర న్యాయశాస్త్రం చదవడమంటే శిక్షల పట్టిక వల్లించడం కాదు. ఇది ముందుగా మాటల అర్థం తెలుసుకొనే చదువు. తెలుగు భాషా విద్యార్థికి ఇందులో ఆసక్తి కలిగించే సంగతులు ఎన్నో ఉన్నాయి. ఫిర్యాదు, అర్జీ, వకాల్తా, జామీను, జప్తు, రాజీ, ఖైదీ వంటి మాటలు పారసీ, అరబీ భాషల నుండి నవాబుల కాలంలో తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాయి. ముద్దాయి అన్న మాట ప్రయాణం మరీ వింతైనది. ఉర్దూలో ఆ మాటకు అర్థం ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో అది తలకిందులై నేరారోపణకు గురైనవాడయింది. మాట తలకిందులైతే నష్టం లేదు. మనిషి తలకిందులు కావడంలోనే నష్టం ఉన్నది. నిందితుడు వేరు, దోషి వేరు. న్యాయస్థానం నేరం రుజువైందని చెప్పే వరకు ఏ మనిషీ దోషి కాడు. అయినా ముసుగు వేసి విలేఖరుల ముందు నిలబెట్టిన మరుక్షణం నుండి అతనిని దోషిగానే ఊరు పరిగణిస్తుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితునికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టమే చెప్పింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఆ నియమాన్ని నిలిపింది. “నేరం ఒప్పుకున్నాడు” అన్న వార్త చదివి తీర్పు చెప్పేసే పాఠకులలో ఎందరికి ఈ నియమం తెలుసు?

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయి. 1860 నాటి శిక్షాస్మృతి, 1973 నాటి నేర విచారణ స్మృతి, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం తప్పుకొన్నాయి. దశాబ్దాలుగా సెక్షన్ల అంకెలను పాఠంలా వల్లించిన ప్లీడర్లు సైతం మళ్ళీ పుస్తకం తెరవవలసి వచ్చింది. అంటే ఈ విషయంలో అనుభవజ్ఞునికీ కొత్తగా చేరిన విద్యార్థికీ నడుమ దూరం కొంత తగ్గింది. ఇది చదువు మొదలుపెట్టడానికి అనువైన సమయం. కొత్త చట్టంలో సామాన్యునికి ఉపకరించే అంశాలు ఉన్నాయి. ఘటన తమ పరిధిలో జరగలేదన్న సాకుతో ఏ ఠాణా కూడా ఫిర్యాదును తిరస్కరించరాదు. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఫిర్యాదుదారునికి లేదా బాధితునికి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజులలోగా వారికి తెలియజేయాలి. ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చు. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఈ మెట్లు తెలిసినవాడు ఠాణాలో కుర్చీ లేకపోయినా నిలబడి మాట్లాడగలడు.

అప్పు కాగితాల సంగతి ఇక్కడ చెప్పుకోవలసి ఉన్నది. 2015 డిసెంబరులో విజయవాడలో “కాల్ మనీ” వ్యవహారం బయటపడింది. అధిక వడ్డీకి అప్పులిచ్చి, తీర్చలేని కుటుంబాలను, ముఖ్యంగా స్త్రీలను, నీచంగా వేధించిన ఉదంతాలు పోలీసుల దృష్టికి వచ్చాయి. సోదాలలో గుట్టలుగా దొరికినవి ఖాళీ ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు. అప్పు తీసుకొన్నవారు అంకెలు వేయకుండానే సంతకాలు చేసి ఇచ్చారు. స్టాంపు అంటించిన ఖాళీ పత్రంపై సంతకం చేసి చేతికి ఇస్తే, దానిని పూరించుకొనే అధికారం కూడా ఇచ్చినట్లేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం భావిస్తుంది. ఆ స్త్రీలలో చదువుకొన్నవారూ ఉన్నారు. డిగ్రీ చదివిన మనిషికి ఈ ఒక్క వాక్యం ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పకపోవడం విద్యావిధానంలోని లోపమే. త్రికోణమితి సూత్రాలు ఇరవై కంఠస్థం చేసిన విద్యార్థి ఇంటిలో తల్లి ఖాళీ ప్రోనోటుపై సంతకం చేస్తుంటే చూస్తూ ఊరుకొంటాడు. అతనికి తెలియదు, అందుకే ఊరుకొంటాడు.

ఇట్టి తెలియనితనాన్ని తీర్చడానికి రాజ్యాంగంలోనే ఏర్పాటు ఉన్నది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 39-ఎ అధికరణం పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించాలని ఆదేశించింది. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. 1995 నవంబరు 9 నుండి అమలులోకి వచ్చింది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. ధనిక కుటుంబపు స్త్రీ అయినా అర్హురాలే అన్న విషయం చాలామందికి తెలియదు. 15100 అన్న ఉచిత ఫోను సంఖ్య కూడా ఉన్నది.

అయితే న్యాయ సేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. దివిసీమలో చేపలు పట్టే కుటుంబానికీ దానికీ నడుమ దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. ఆ దూరాన్ని తగ్గించడానికి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకాన్ని ప్రారంభించింది. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, న్యాయ కళాశాల విద్యార్థులు, ఇట్లా ఎవరైనా శిక్షణ పొంది ఈ పని చేయవచ్చు. దీర్ఘకాల శిక్ష అనుభవిస్తున్న సత్ప్రవర్తన గల ఖైదీలకు సైతం శిక్షణ ఇచ్చి, తోటి ఖైదీలకు సాయపడేటట్లు చేయడం ఈ పథకంలోని గొప్ప అంశం.

జైలులో ఈ వాలంటీరు పని ఎంత చిన్నది, ఎంత పెద్దది అన్నదానికి ఒక లెక్క చాలు. కొత్త నాగరిక సురక్షా సంహిత ప్రకారం, తొలిసారి నేరారోపణకు గురైన విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే అతనిని బాండుపై విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు ఇది వర్తించదు; ఒకటి కంటె ఎక్కువ కేసులు ఉన్నవారికీ వర్తించదు. సామాన్యమైన దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. అనగా ఒక సంవత్సరం. ఇది నాలుగవ తరగతి భాగహారం. కాని ఎవరో ఒకరు ఆ ఖైదీ పేరు ఎదురుగా ఆ భాగహారం చేసి, తేదీ లెక్కకట్టి, జైలు సూపరింటెండెంటుకు గుర్తుచేయాలి. లేనియెడల తన హక్కు తనకు తెలియని మనిషి అదనంగా నెలల తరబడి గోడలు చూస్తూ కూర్చుంటాడు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు బీహారు జైళ్ళలో దేశం చూసింది ఇట్టి మనుషులనే. తమ నేరానికి పడదగిన గరిష్ఠ శిక్ష కంటె ఎక్కువ కాలం విచారణ లేకుండా జైలులో ఉన్నవారు వారిలో ఉన్నారు.

జామీను సంగతీ అంతే. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీ పనివానికి సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. కింది కోర్టు పదివేల రూపాయల జామీను కోరింది. పైగా అతని సోదరుని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదన్న కారణంతో ఆ జామీనును తిరస్కరించింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ పద్ధతిని గట్టిగా ఖండించారు. పేదవానికి బెయిలు వచ్చినా జామీనుదారు దొరకక జైలులోనే ఉండిపోవడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. విజయవాడకు పని కోసం వచ్చిన వలస కూలికి ఊరిలో ఇల్లు ఎక్కడిది, జామీను ఇచ్చే బంధువు ఎక్కడివాడు?

పారా లీగల్ పనిని ఇంతగా పొగిడి, దాని లోటుపాట్లను దాచడం న్యాయం కాదు. ఇది ఉద్యోగం కాదు. పనిచేసిన రోజుకు ఇచ్చేది కొద్దిపాటి గౌరవభృతి. దానితో సంసారం గడవదు. “సేవ” అన్న పేరుతో చదువుకొన్న యువతీయువకుల శ్రమను చౌకగా వాడుకొంటున్నారన్న విమర్శలో నిజం ఉన్నది. న్యాయస్థానాలకు, జైళ్ళకు, ఠాణాలకు శిక్షణ పొందిన న్యాయ సహాయకులు అవసరమని ప్రభుత్వం నిజంగా భావిస్తే, ఆ పనికి పదవి, జీతం, పదోన్నతి ఏర్పరచాలి. అంతవరకు ఈ శిక్షణను న్యాయశాస్త్ర పట్టాకు, సాంఘిక సేవాశాస్త్రానికి, పోలీసు ఉద్యోగానికి, ఫోరెన్సిక్ విద్యకు తొలిమెట్టుగా చూసుకోవడం వివేకం. ఇంటర్మీడియట్ తరువాత అయిదేళ్ళ న్యాయవిద్య, డిగ్రీ తరువాత మూడేళ్ళ న్యాయవిద్య లాసెట్ ద్వారా అందుబాటులో ఉన్నాయి. విజయవాడలోనే సిద్ధార్థ లా కళాశాల ఉన్నది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన జస్టిస్ ఎన్.వి. రమణ నాటి కృష్ణా జిల్లా పొన్నవరం గ్రామస్థులు. వారు 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1954 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో ఉండేది. తరువాత హైదరాబాదుకు తరలింది. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకంగా ఏర్పడిన హైకోర్టు తిరిగి కృష్ణా తీరానికి చేరింది. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావలసిందేనని కొత్త చట్టం నిర్దేశించింది. ఆ నిపుణులు ఎక్కడి నుండి వస్తారు? రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చదివే బై.పి.సి. విద్యార్థుల నుండే రావాలి. కావున నేర న్యాయవిద్యకు, విజ్ఞానశాస్త్రానికి సంబంధం లేదన్న వాదన ఇక నిలవదు.

మరొక ప్రమాదం అరకొర చదువు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలో రామప్పంతులు ఉన్నాడు. అతనికి చట్టం కొంత తెలుసు, దానిని వంకరగా వాడటం బాగా తెలుసు. ఊరివారి తగాదాలే అతనికి పంట. అదే నాటకంలో సౌజన్యారావు పంతులు కూడా న్యాయమెరిగినవారే. పారా లీగల్ శిక్షణ పొందినవారు ఈ ఇద్దరిలో ఎవరి దారిన పోతారో ముందుగా చెప్పలేము. ఠాణాకు, ఫిర్యాదుదారుకు నడుమ దళారిగా మారిన కుర్రవాని వలన లాభం కంటె హాని ఎక్కువ. న్యాయవాదిగా నమోదు కానివారు కోర్టులో వాదించరాదని 1961 నాటి అడ్వకేట్ల చట్టం స్పష్టంగా చెబుతున్నది. న్యాయ సహాయకుడు తన హద్దు తెలుసుకోవాలి. చదివి చెప్పాలి, రాసిపెట్టాలి, తోడు వెళ్ళాలి, సరియైన చోటికి చేర్చాలి. కేసు గెలిపిస్తానని మాట ఇచ్చిన నాడు అతడు రామప్పంతులు అయినట్లే. అత్యాచారం, హత్య వంటి నేరాలను పెద్దమనుషుల పంచాయితీలో డబ్బుతో ముగించే ప్రయత్నాలు పల్లెల్లో ఇంకా జరుగుతుంటాయి. రాజీకి వీలులేని నేరాలను లోక్ అదాలత్ సైతం చేపట్టరాదు. ఇట్టి పంచాయితీలో కూర్చోవడానికి నిరాకరించడం కూడా శిక్షణలో భాగమే.

కళాశాలలో చేయదగినది ఏమిటి? పౌరశాస్త్రం సి.ఇ.సి., హెచ్.ఇ.సి. విద్యార్థులకు ఉన్నది. అందులో శాసనసభ, మంత్రిమండలి గురించి వివరంగా ఉంటుంది. ఠాణాలో ఫిర్యాదు ఎట్లా రాయాలన్నది ఉండదు. ప్రతి గ్రూపు విద్యార్థికీ వారానికి ఒక గంట చాలు. ఒక నిజమైన ప్రథమ సమాచార నివేదికను పేర్లు తొలగించి తరగతిలో చదివించాలి. ఒక ఫిర్యాదును తెలుగులో రాయించాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చూశారు అన్న క్రమంలో, విశేషణాలు లేకుండా రాయడం భాషాపాఠం కూడా అవుతుంది. ఒకరోజు న్యాయస్థానానికి తీసుకొనివెళ్ళి వెనుక బెంచీలో కూర్చోబెట్టాలి. సాధారణంగా కోర్టు తలుపులు ప్రజలకు తెరచే ఉంటాయన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకే తెలియదు. మార్కుల లెక్కలోకి రాని పాఠానికి యాజమాన్యాలు గంట కేటాయించవన్న అనుమానం సమంజసమే. కావున దానికీ మార్కులు పెట్టవలసిందే.

ఈ ప్రాంతానికి ఇట్టి పనులు కొత్త కావు. 1914 ఏప్రిల్‌లో విజయవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికి ఊపిరి పోశారు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఈ నగరపు ప్రజాజీవితంలో పాలుపంచుకొని, తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయ్యారు. 1935లో పాతూరి నాగభూషణంగారు తెనాలి సమీపాన పెదపాలెం కేంద్రంగా కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయాన్ని నడిపారు. ఆనాటి కాలువలే రహదారులు. పడవ రేవుకు రాగానే ఊరివారు వచ్చి పుస్తకం తీసుకొని, పాతది తిరిగి ఇచ్చేవారు. కాలువ గట్టున నివసించే పాఠకుని వద్దకు పుస్తకమే పోవాలని వారు తలచారు. పాఠకుడు పట్టణానికి రావాలని ఎదురుచూడలేదు.

ఇప్పుడు ఆ కాలువ గట్ల మీద తారురోడ్లు ఉన్నాయి. గంటలోపే విజయవాడ చేరవచ్చు. లోక్ అదాలత్ జరిగే రోజున కోర్టు ఆవరణలో చెట్టు కింద వందలమంది కూర్చొని ఉంటారు. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది; ఆ తీర్పుపై అప్పీలు ఉండదు. వారిలో చాలామంది చేతిలో మడతలు పడిన నోటీసు ఒకటి ఉంటుంది. దానిని ఎవరితోనైనా చదివించుకొందామని పక్కలకు చూస్తుంటారు. కళాశాల అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే ఉన్నది.